దావీదు గారి తెడ్డు చప్పుడు

ఏలూరు, బుధవారం రాత్రి

కలిదిండి చెరువులోంచి స్పీకరు ఈ ఉదయమే తీసేశాను. అక్కడ చేపలు పెంచే దావీదు గారు తెడ్డుతో పడవను తడితేనే అవి మేతకు వచ్చేవి. నీళ్ళలో చప్పుళ్ళు పట్టే బ్రెజిల్ వాళ్ళ మైకుతో ఆయనుండగానే ఆ చప్పుడు రికార్డు చేసి, మేతవేళకి ఈ స్పీకరులో మోగేలా మా కాలేజీ మేత యంత్రానికి కలిపాం. పోయిన నెల ఆయన పోయారు. చప్పుడు మాత్రం రోజూ వస్తూనే ఉంది.

"వినలేకపోతున్నానండీ, తీసెయ్యండి బాబూ," అన్నారు ఆయన భార్య మరియమ్మ గారు. తీసేశాను.

మధ్యాహ్నం చేపలు అదే మూలకి వచ్చి చేరాయి. అలవాటు కాబోలనుకున్నాను.

మైకు ఇంకా నీళ్ళలోనే ఉంది. అది తయారుచేసిన మార్సెలో బ్రెజిల్ నుంచే నెట్‌లో వింటుంటాడు. ఇందాక ఫోన్ చేసి, ఇవాళ తెడ్డు చప్పుడు చాలా స్పష్టంగా ఉందన్నాడు. చివర్న ఆ రెండు దెబ్బలు కొత్తగా ఎందుకు కలిపావని అడిగాడు.

స్పీకరు నా మంచం కింద ఉంది. ఇప్పుడే మళ్ళీ వంగి చూశాను.

ఆ రెండు దెబ్బలు చేపలకి కాదు. పని అయిపోయింది, అన్నం పెట్టమని దావీదు గారు గట్టు మీది ఇంటికి చెప్పే కబురు. మేతకి అక్కర్లేదని రికార్డింగులోంచి నేనే కత్తిరించాను. మార్సెలో వినడం మొదలుపెట్టింది ఆయన పోయాకే, వాటిని ఎప్పుడూ వినలేదు.

మధ్యాహ్నం నేను బయల్దేరుతుంటే మరియమ్మ గారు కంచంలో అన్నం వడ్డిస్తున్నారు. నాకేమో అనుకుని, "వద్దండీ, ఇంటికెళ్ళి తింటాను," అన్నాను.

"మీకు కాదండీ," అన్నారావిడ, చెరువు వైపే చూస్తూ.