నాయిన తిన్న ముద్ద

మేడ్చల్, ఆదివారం రాత్రి

పొద్దున అలియాబాద్ నుంచి అమ్మ వచ్చింది. మా ఆయన కంప్యూటర్లో కొత్త వీడియో ప్లేయర్ వేశారు కదా, అందులో నా పెళ్ళి సీడీ పెట్టాను. నాయిన పోయాక అమ్మ అది చూడటం ఇదే మొదటిసారి.

తలంబ్రాలు కూడా చూడనివ్వలేదు. "భోజనాల కాడికి పోనియ్యి బిడ్డా. పెండ్లి పిలగానోల్లు తిన్నంక తింట అన్నడు మీ నాయిన. తిన్నడో లేదో, ఆ గడబిడల నేను అడగనే లేదు" అంది.

ఇన్నేళ్ళూ ఇది మనసులో పెట్టుకుని తిరిగిందా?

వీడియో కింద గీత మీది చుక్కను మౌస్‌తో జరుపుతూ పోయాను. ఆఖరి బంతిలో, ఓ మూలన దొరికాడు. బొమ్మ పెద్దది చేసి, వేగం సగానికి తగ్గించాను. నాయిన ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. అంతలో ఎవరో పిలిచారు. విస్తరి అలాగే వదిలేసి లేచిపోయాడు.

అదృష్టం, అమ్మ అప్పుడు కళ్ళద్దాలు తుడుచుకుంటోంది.

ఈ ప్లేయర్‌లో మొదలు, చివర గుర్తులు పెడితే ఆ ముక్కే మళ్ళీ మళ్ళీ ఆడుతుంది. ముద్ద కలిపే దగ్గర ఒకటి, లేవబోయే ముందు ఒకటి పెట్టేశాను. అలా చెయ్యొచ్చో లేదో ఇప్పటికీ తెలియడం లేదు.

"సూడమ్మా, తింటుండు."

అమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఎంత నిమ్మలంగ తింటుండో! ఇంట్ల ఎన్నడన్న గిట్ల తిన్నడా?"

చాలాసేపయ్యాక, ఆపెయ్యనా అని అడిగాను.

"ఉండనియ్యి. కడుపు నిండనియ్యి" అంది.