గొడుగు ముసలాయన వచ్చాడు

తమ్ముడూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. రెండు ఆటల ఫైటర్లు కలిసి కొట్టుకునే ఆ కొత్త వీడియో గేమ్ నాందేడ్ స్టేషన్ దగ్గర మన పార్లర్‌కు వచ్చింది.

అది రాకముందే, అందులో కొత్తగా ఏ ఫైటర్లొస్తారో ఊహించి మనమంతా అక్కడి గోడమీద సుద్దతో రాశాం కదా. పాత ఆటలో వెనకాల ఊరికే నిలబడే గొడుగు ముసలాయన వస్తాడని రాశావు నువ్వు. "వాడు కొట్లాడెటోడు కాదురా, ఉత్త బొమ్మ!" అని నవ్వి, అందరి ముందూ అరచేత్తో తుడిచేశాను. నువ్వు మళ్లీ రాయలేదు.

ఇవాళ పార్లర్ భాయ్ కేకేశాడు: "నీ తమ్ముడు చెప్పినోడే అచ్చిండు, సూడు!"

నువ్వు ఆడే వైపు ముసలాయన్ని పెట్టి, ఆ బటన్లు ఎవర్నీ ముట్టనీయకుండా, ఇటు నేను నిలబడ్డాను. టైమ్ అయిపోయేదాకా ఒక్క దెబ్బా కొట్టలేకపోయాను.

గోడమీద మా తప్పులన్నీ ఇంకా అలాగే ఉన్నాయి. నువ్వు రాసిందొక్కటే లేదు.