అబ్బులు దిద్దిన ఫొటో

ఏలూరు,
16-11-2008.

ప్రియమైన క్రిస్టినాకు నాన్న ఆశీస్సులు.

దేవుని దయవల్ల ఇక్కడ క్షేమం. పూణేలో నువ్వూ క్షేమమని తలుస్తాను. బీపీ మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగావు. వేసుకుంటున్నాను. వంట నేనే చేసుకుంటున్నాను. బియ్యం ఇంకా ఇద్దరికి సరిపడా పడిపోతున్నాయి.

నువ్వు రాసింది చదివి వట్లూరు నెట్ సెంటర్‌కు వెళ్ళాను. నువ్వు సైటులో పెట్టిన అమ్మ ఫొటో ఉండాల్సిన చోట ఖాళీ గడి ఉంది. అసభ్య చిత్రం, తొలగించాం అని ఒక్క ముక్క. ఎవరికి చెప్పుకోవాలో రాయలేదు. అదే సైటులో ఈత దుస్తుల సినిమా బొమ్మలు బోలెడు, ఎవరూ ముట్టుకోలేదు. క్యాన్సరుకు రొమ్ము తీసేసిన మచ్చ కాస్త కనబడితే మాత్రం అసభ్యమట. అది చూసి ఇంకొకామె భయపడకుండా డాక్టరు దగ్గరికి వెళ్తుందనే కదా అమ్మ ఆ ఫొటో తీయించుకుంది.

నీ దగ్గర కాపీ లేదు, అసలు ప్రింటు పంపితే మళ్ళీ పెడతానన్నావు. భర్తగా నాకు అభ్యంతరం లేదని ఒక ఉత్తరం కూడా అడిగావు. రెండు వారాలుగా జవాబు రాయలేకపోయాను.

అమ్మ జ్ఞాపకార్థ కూడికకు నీకు సెలవు దొరకలేదు. హాల్లో ఆ ఫొటోయే పెట్టానని ఫోన్లో చెప్పాను. అది అబద్ధం. స్టూడియో అబ్బులుకు ఇచ్చి దిద్దించాను. బోడితలకు జుట్టు పెట్టించాను. మచ్చ మీదికి పైట లాగించాను.

"ఎడంపక్క కాస్త నింపమంటారా అండీ?" అన్నాడు.

నింపమన్నాను.

కూడికలో మణెమ్మగారు దండ వేయబోయి ఆగారు. "ఏవండీ మాస్టారూ, ఈవిడ రత్నకుమారి చెల్లెలాండీ?" అన్నారు.

"కాదండీ, ఆవిడే," అన్నాను.

సైటు వాళ్ళు అమ్మను ఎరగరు. నేను ముప్పై ఏళ్ళుగా ఎరుగుదును. కొల్లేట్లో పడవ మీద నువ్వు ఆ ఫొటో తీస్తుంటే, "ఏవండీ, మీరూ ఇటు చూడండి," అంది. నేను పక్షులవైపు తిరిగాను. నువ్వు గమనించావు.

నిన్న అబ్బులు దగ్గరికి వెళ్ళాను. అసలుది కవరులో భద్రంగానే ఉంది. అది నీకు పంపుతున్నాను, అడిగిన ఉత్తరంతో సహా. వాళ్ళు మళ్ళీ తీసేస్తారేమో. మళ్ళీ పెట్టు.

దానికి కాపీ తీయించి హాల్లో, నా కుర్చీకి ఎదురుగా తగిలించాను. ఇదంతా అక్కడే కూర్చుని రాశాను. మధ్యమధ్య తలెత్తి చూస్తూనే ఉన్నాను.

ఇట్లు,
మీ నాన్న
పేతురు