పొగ పట్టిన ఇప్పపువ్వు

గద్వాల, ఆదివారం

చిట్టితల్లీ వైదేహీ,

నీ సారాలో ఆ పొగ వాసన, నువ్వు కాచే రాగి బట్టీది కాదే. ఫోనులో దాన్ని ఊరికే తిట్టిపోశావు, పాపం.

నీ ఇప్పసారా సీసాను తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకుని మన్ననూరు దాకా బస్సులో వెళ్లాను. రిటైరైన హెడ్మాస్టరమ్మ చేయాల్సిన ప్రయాణమే! అక్కడ నా పాత శిష్యురాలు ఈదమ్మ ఉంది. వాళ్లింట్లో అందరూ అడవిలో ఇప్పపువ్వు ఏరేవాళ్లే. ఒక గుక్క తాగి నవ్వింది.

"సరుకు మంచిగనే ఉన్నది టీచరమ్మా. పువ్వు అమ్మినోళ్లు ఏరేతందుకు చెట్టు కింద ఆకులు కాలవెట్టిన్రు. గా పొగే గిది. నేల మీద బట్ట పరిస్తే ఏం పరేషాన్ లేదు" అని, ఇంకో గుక్క అడిగింది. నేను వాసన మాత్రమే చూశాను. అంతకంటే అడగకు.

కాబట్టి కంపెనీ మూసేస్తానన్న మాట మళ్లీ నా చెవిన పడనీయకు. నాలుగేళ్లు కష్టపడ్డదానివి, ఒక్క వాసనకే ఏడుస్తావా? వచ్చే ఎండాకాలం ఈదమ్మ వాళ్లే నీకు పువ్వు ఏరి ఇస్తారు. మూసెయ్యమంటున్న మీ నాన్న సంగతి నేను చూసుకుంటాను. వేళకు తింటున్నావా? చల్లగా ఉండు తల్లీ.

చెట్టు కింద పరవడానికి నాలుగు నూలు చీరలు కావాలట. మూడు ఇచ్చి వచ్చాను. నాలుగోది, నేను బతికుండగానే నువ్వు పటం కట్టించి ఆఫీసు గోడకు తగిలించిన నా గద్వాల చీర. దాన్ని దించి, ఉత్తి నీళ్లలో జాడించి, నీడన ఆరేసి పంపు. సబ్బు పెట్టకు. ఆ వాసన కూడా పువ్వుకు పట్టేస్తుంది.

నీ నాయనమ్మ