మగ్గం గుంతలో కూర్చోలేనని మనవి

4-7-1955

ఆదోని సబు కలెక్టరు దొరవారి సముఖమునకు, యెమ్మిగనూరు దగ్గరి పల్లెలో నివసించు నేతగాడు నాగప్ప వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: కాలేయమునకు ఆపరేషను అయిన నన్ను శుక్రవారం మగ్గంలో కూర్చుండబెట్టి పరీక్షించుటను ఆపించుట గురించి.

1. రెండు నెలల క్రిందట మద్రాసు డాక్టరు గారు నా కాలేయంలోని కాన్సరు కంతిని కోసి తీసివేసినారు. ఈ జబ్బు మగవారికే ఎక్కువనియు, కోసిన పిమ్మట బ్రతికేవారు తక్కువనియు దాచకుండా చెప్పినారు. కంతి ఒక పక్కనే ఉండుట, సారా అలవాటు లేనందున మిగిలిన కాలేయం బాగుండుట నాకు కలిసివచ్చినవట. ఇక ఆరు నెలలు మంచి తిండి తినవలెను, పొట్ట మీద ఒత్తిడి పడరాదు. లోపలి కుట్లు తెగితే మళ్ళీ కోయించుకొనే సత్తువ నా ఒంట్లో లేదన్నారు.

2. ఇంటికి పంపేటప్పుడు ఏం పని చేస్తావని అడిగినారు. "కూర్చొని చేసే పనే సామీ, బరువులెత్తేది లేదు" అన్నాను. మా ఇండ్లలో నేతను అట్లే చెప్పుకుంటాము. ఆయన "కూర్చొని చేయు పని చేసుకోవచ్చును" అని చీటీ వ్రాసినారు. గుంతలో కాళ్ళు దించి, గుడ్డ చుట్టుకొనే కర్రకు పొట్ట ఆనించి దినమంతా వంగి నేస్తామని మద్రాసాయనకు ఎట్లు తెలియును? చెప్పనిది నేనే.

3. వరుసగా రెండు నెలలు నేయని సభ్యుని మగ్గం ఇంకొకరికి ఇచ్చుట మా చౌడేశ్వరి నేత సంఘం నియమము. అందుచేత నా భార్య శారదమ్మ నా బదులు నేసినది. మాలో ఆడవారు నూలు చుట్టుదురే గాని గుంతలో దిగరు. కార్యదర్శి బజారి గారు చీర చేత పట్టగానే "ఇది నీ చెయ్యి కాదప్పా" అన్నారు. "శుక్రారం అందరి ముందర నువ్వే దిగి మూరెడు నేసి సూపించు. లేకుంటే మగ్గం వేరేవాళ్ళకి ఇస్తాము" అన్నారు. నాకు చేతకాదంటే, సంఘంలో నేనిచ్చుకొన్న చీటీనే నాకు చూపి "డాక్టరే కూర్చోమని రాసినాడు గదా" అన్నారు.

4. దిగితే కుట్లు, దిగకుంటే మగ్గం. నాకు ముప్పై ఎనిమిదేండ్లు. చావంటే భయంగా ఉంది దొరా.

కావున ఆ పరీక్షను ఆపించి, మగ్గమును శారదమ్మ పేర మార్పించవలెను. శుక్రవారం దాటితే ఈ కాగితంతో పని లేదు గనుక వెంటనే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
నాగప్ప

మనవి: పైది శారదమ్మకు చదివి వినిపించినాను. నిన్న ఎవరూ చూడకుండా దిగి బెత్తెడు నేసినాను. నేను చదువుచుండగా చొక్కా మీద ఆ రక్తం ఆమె కంట పడినది. "అర్జీ ఆదోని చేరేలోపల నువ్వు మాట పడలేక మళ్ళా దిగుతావు" అని, గంపలతో మన్ను మోసి గుంత పూడ్చివేసినది. శుక్రవారం వచ్చేవారికి గుంత లేదని తెలియజేయించవలెను. ఆ మన్ను మీదనే చాప పరిచి నన్ను పడుకోమన్నది. పడుకొనే ఈ నాలుగు ముక్కలు వ్రాసినాను.