చుక్కలు యాడ పడాల

మదనపల్లె

తమ్ముడు ప్రతాప్‌కు,

నీళ్ల చుక్కలతో కరెంటు తీసే నీ మిషను చూసేదానికి ఆదివారం పుంగనూరు నుంచి పెద్దమనుషులు వస్తాండారని, మా టమోటా తోట కాడ నన్ను పట్టుచీర కట్టుకోని నిలబడమని కుప్పం నుంచి ఫోన్ చేసినావు. ఫోన్‌లో నన్ను మాట్లాడనీవు కాబట్టి రాస్తాండా.

నేను బడిలో సైన్సు చెప్పేదాన్ని. చుక్క పడితే కరెంటు పుడుతుందని నాకూ తెలుసప్పా. కానీ బోరు మోటారు కరెంటుతో నీళ్లు పైకి తోడి, ఆ నీళ్లనే చుక్కలుగా రాల్చి, మిణుగురంత లైటు ఎలిగించి చప్పట్లు కొట్టించుకునే తెలివి యాడ నేర్చుకున్నావు? పోయినసారి ఫొటోలోళ్లను పిల్చుకోని వచ్చినప్పుడు డ్రిప్పు పైపుల్ని మొక్కల మొదుళ్ల కాడ నుంచి పీకి, పైన కట్టెలకు ఏలాడదీసినావు. చుక్కలన్నీ నీ మిషను రేకుల మీద పడి కాలవలోకి జారిపోయినాయి. ఫొటోలు తీసినోళ్లలో ఒక్కరన్నా ఆ చుక్కలు యాడ పడాల్సినవని అడగలే. పూతంతా రాలిపోయింది. మీ బావ ఆ పొద్దు నుంచి తోటలోకి పోయేది మానేసినాడు, అంతే.

పైపులు నేనే కిందికి దించేసినా. రేకులు పశువుల కొట్టంలో ఉండాయి, వచ్చి తీసుకుపో.

వాన కోసమే ఆ మిషను చేసినానంటివే, ఆ పెద్దమనుషుల్ని వాన పడే రోజే పిల్చుకోని రా. ఆ పొద్దు నీ లైటు బాగానే ఎలుగుతుంది. చూసేదానికి మాత్రం ఎవురూ దొరకరు. అందరం బయట తడుస్తా నిలబడి ఉంటాం.

మీ అక్క