బావ ఊఁ అనలేదు

బావగారికి,

మీ కోపం ఏ మెట్టు మీదుందో తెలియక గుమ్మం బయటే నిలబడ్డ మీ బావమరిది రాసుకునేది.

మనం ఆ కొండల్లోంచి, ఆ ఏట్లోంచి ప్రాణాలతో ఇల్లు చేరి ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. ఇరవై రెండేళ్ళుగా మీ ప్రెస్సులో మీరు ప్రూఫులు దిద్దుతున్నారు, నేను మిషన్ వేస్తున్నాను. ఇన్నాళ్ళు మీ మొహం చూడకుండా ఉండటం ఇదే మొదటిసారి. "నాలుగు వీధులు దాటితే వాళ్ళ ఇల్లు, వెళ్ళి మాట్లాడి రావచ్చుగా" అని మా ఆవిడ పోరుతోంది. ఎదురుపడితే మీరు అరుస్తారు, నాకు నోరు పెగలదు. అందుకే స్టాంపు అంటించి పంపుతున్నాను.

బయల్దేరదీసింది నేనే, ఒప్పుకుంటున్నాను. ఎక్కడికైనా వెళ్దాం బావా అని పదేళ్ళుగా మిమ్మల్ని కాల్చుకు తింటున్నాను. ఏట్లో రబ్బరు పడవలు నడిపే ఆ రాఫ్టింగువాళ్ళ కరపత్రం మన దగ్గర నాలుగు వేల కాపీలు వేసేసరికి "నాలుగు రోజుల ప్రయాణం, ఉరకలేసే ఏరు, ఒడ్డున గుడారం" అన్న ముక్క నా బుర్రలో తిష్ఠ వేసుకుంది. ఈసారి మీరూ సరే అన్నారు. మూడు రోజులు హాయిగా గడిచాయి. నాలుగో రోజు ముంచింది.

కానీ బావా, న్యాయంగా చెప్పండి. ఆ పెద్ద రాళ్ళ దగ్గర పడవ నురగలోకి దిగబోతుంటే వెనకనుంచి గైడు "కొట్టండి, గట్టిగా కొట్టండి" అని అరిచాడు. వెనక నలుగురూ తెడ్లు వేశారు. ముందు కూచున్న మనిద్దరమే వెయ్యలేదు. నేను తెడ్డు పైకెత్తి పట్టుకుని మీ వంక చూస్తున్నాను, మీరు ఊఁ అంటారని. ప్రెస్సులో మీరు ఊఁ అనందే నేను స్విచ్ మీద వేలు పెట్టను కదా. అంతకాలం అలవాటు ఏరు కనబడగానే పోతుందా? మీరేమో నీళ్ళని ప్రూఫు చూసినట్టు చూస్తూ కూచున్నారు. ఊఁ అనలేదు. పడవ అడ్డం తిరిగి రాయికి కొట్టుకుని బోల్తా పడింది. అందరం నీళ్ళలో ఉన్నాం.

ఒడ్డుకొచ్చాక ఆ నలుగురి ముందూ "రేపట్నించి నా మిషన్ ముట్టుకోకు" అన్నారు. సరే, ముట్టుకోలేదు. పెద్ద బజారులో కొత్తగా పెట్టిన ప్రెస్సువాళ్ళు నన్ను రమ్మంటున్నారు, ఒకటో తారీఖులోగా ఏ సంగతీ తేల్చి చెప్పమన్నారు. మీరొక్క మాట రాస్తే రానని చెప్పేస్తాను.

ఇట్లు, చెవుల్లో ఇంకా నీళ్ళు పోని,
మీ బావమరిది

తా.క.: అక్క అల్లిన స్వెట్టరు ఏట్లో కొట్టుకుపోయిందని చెప్పాను కదా. పోలేదు. ఒళ్ళంతా దురద పుట్టిస్తుంటే గైడుకి ఇచ్చేశాను. ఈ ముక్క అక్క దాకా వెళ్ళనివ్వకండి.

*

బావమరిదికి,

ఆశీస్సులు పంపాలో చీవాట్లు పంపాలో తేలక రెండూ కలిపి పంపుతున్న బావ రాసేది.

ఏటికీ ప్రెస్సుకీ తేడా తెలియదట్రా నీకు? గైడు అరిచిన అరుపు అవతలి కొండకి తగిలి తిరిగొచ్చింది, నీ చెవికి మాత్రం ఆనలేదా? ఊఁ అనేదాకా ఆగమన్నది ప్రెస్సు వరకే. చేరిన కొత్తలో నన్నడక్కుండా మిషన్ వేసి రెండు వేల కాగితాలు తగలేశావు గనక పెట్టిన నియమం అది. నీ లెక్కన ఇల్లంటుకున్నా నేను ఊఁ అనేదాకా బయటికి రావన్నమాట.

"ముట్టుకోకు" అన్నాను, నిజమే. నిలువునా తడిసి ముక్కులోంచి ఏరు కారుతున్నవాడు అన్న మాట పట్టుకుని ఎవడైనా ఇంట్లో కూచుంటాడా? ఇల్లు చేరిన మర్నాడు పొద్దున తొమ్మిదింటికి వచ్చి ప్రెస్సు ముందు నిలబడ్డాను. నువ్వు రాలేదు. మీ అక్క చేతికి తాళంచెవి ఇచ్చి పంపావు. ఒక్క మాట లేదు, పలుకు లేదు, తాళంచెవి మొహాన కొట్టడమా? పని మానుకోవడానికి ఇంతకంటే మర్యాదైన పద్ధతి దొరకలేదా?

నువ్వు లేకపోతే నా పని ఆగుతుందనుకోకు. కొత్త మనిషిని పెట్టుకున్నాను. చురుకైనవాడు. ఊఁ కోసం నా మొహం చూడడు.

ఇట్లు, ఆ రోజు గంటసేపు రోడ్డు మీద నిలబడ్డ,
మీ బావ

తా.క.: స్వెట్టరు సంగతి మీ అక్కకి తెలిసిపోయింది. ఎలా తెలిసిందని అడక్కు. ఇంకోటి మొదలుపెట్టింది, ఈసారి చెవుల దాకా.

*

బావగారికి,

టైపు ఉత్తరం అందుకునేంత పరాయివాణ్ణయిపోయిన బావమరిది రాసుకునేది.

కవరు విప్పి చూశాను. టైపు! కాగితం పంపమని ఫ్యాక్టరీకి రాసేటప్పుడు తప్ప ఆ టైపు మిషన్ జోలికి పోని మీరు నాకు టైపు కొట్టి పంపారు. మీ చేత్తో నాలుగు ముక్కలు రాయడానికి కూడా తగనా నేను?

తాళంచెవి గురించి అన్న మాట చాలా అన్యాయం. ప్రెస్సుకున్నది ఒక్కటే తాళంచెవి. ముందొచ్చేది నేను గనక ఎప్పుడూ నా దగ్గరే ఉంటుంది. ఏట్లో మునిగినప్పుడు కూడా అది నా లోపలి జేబులోనే ఉంది. మీరు రావద్దన్నారు, మరి తలుపెలా తీస్తారని పంపించాను. సాయంత్రానికల్లా తిరిగి పంపుతారనుకున్నాను. ఇన్ని రోజులూ వీధిలో ఎవరి చెప్పుల చప్పుడైనా తాళంచెవే వస్తోందనుకుంటున్నాను.

కొత్త మనిషిని పెట్టుకున్నారు, మంచిది. పొద్దున్నే మిషన్ని ఐదు నిమిషాలు ఉత్తినే తిరగనివ్వాలని అతనితో చెప్పండి, లేకపోతే అలుగుతుంది. ఎడమవైపు రోలరు దగ్గర చెయ్యి జాగ్రత్త అనండి. ఏదైనా తెలియకపోతే మా ఇంటికి పంపండి, మొహమాటపడొద్దు, చెప్తాను.

ఇట్లు, తాళంచెవి లేక జేబు తేలికైపోయిన,
మీ బావమరిది

తా.క.: అక్కకి చెప్పిందెవరో నాకు తెలుసు, మీ కడుపులో మాట దాగదు. ఈ ఉత్తరమైనా మీరొక్కరే చదువుకోండి. మీ గురక భరించలేక పక్క గుడారంవాళ్ళు సామాను ఎత్తుకుని అల్లంత దూరం పోయారని నేనెవరికైనా చెప్పానా? అక్క ఇన్నేళ్ళు ఎలా నెట్టుకొచ్చిందో పాపం.

*

బావమరిదికి,

జన్మలో గురక పెట్టి ఎరగని బావ రాసేది.

నా మిషన్ సంగతి నాకు నేర్పక్కర్లేదు. కొత్త మనిషి భేషుగ్గా చేస్తున్నాడు. డాక్టరుగారి లెటర్‌హెడ్లు ఐదు వందలు వేశాడు. కాస్త పక్కకి జరిగి పడ్డాయి, అంతే. పేరు పడింది, డిగ్రీలు కాగితం దాటిపోయాయి. డాక్టరుగారు పెద్దమనిషి, పల్లెత్తు మాట అనలేదు.

ఇప్పుడు అర్థమైంది నాకు. ప్రయాణంలో ఆ మూడు రోజులూ నువ్వు "బావా, ఒక మాట" అనడం, నేను "ఏంట్రా" అనగానే "ఏం లేదు" అని గుటకేయడం. పెద్ద బజారు ప్రెస్సుకి పోతున్నానని చెప్పడానికా నన్ను కొండల దాకా తీసుకెళ్ళింది? ఆ ముక్క ఇక్కడే చెబితే నేనేమైనా కొరుకుతానా? వెళ్ళు. సుఖంగా ఉండు. ఊఁ అనడానికి వాళ్ళు జీతమిచ్చి ఇంకో మనిషిని పెడతారేమోలే.

ఇట్లు,
బావ

తా.క.: ఎడమవైపు రోలరు సంగతి నాలుగు రోజులు ముందు రాయాల్సింది. కొత్త మనిషి చిటికెనవేలు నలిగింది. మీ అక్క కట్టు కట్టింది.

*

బావగారికి,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి మూడుసార్లు చింపేసిన బావమరిది రాసుకునేది.

ఆ మాట అది కాదు బావా. వాళ్ళు కబురు పెట్టింది మనం తిరిగొచ్చాకే. నేను చెప్పలేక మింగిన మాట మీ కళ్ళ గురించి.

ఏడాదిన్నరగా మీరు దిద్దిన ప్రూఫుల్లో తప్పులు మిగిలిపోతున్నాయి. మొదట్లో ఒకటీ అరా, తర్వాత వరసలకి వరసలు. మీరు ఊఁ అనేసి భోజనానికి ఇంటికెళ్తారు కదా, ఆ గంటలో తలుపు దగ్గరికేసి మొత్తం మళ్ళీ చదివి, దిద్ది, అప్పుడు మిషన్ వేస్తున్నాను. తెలిస్తే చిన్నబుచ్చుకుంటారని నోరు మెదపలేదు. మీ ఊఁ, ఆ వెనక నాకో గంట, ఇదే నాకు తెలిసిన పని. ఏట్లో ఆ భోజనం గంట లేకపోయింది.

పడవ ఎక్కేముందు సంతకం పెట్టమని ఫారం ఇస్తే, అందర్నీ అరగంట నిలబెట్టి ఎర్ర పెన్నుతో దిద్దిచ్చారు, గుర్తుందా? గైడు అది నాకు చూపించాడు. తలకిందులుగా పట్టుకుని దిద్దారు. వాడు నవ్వితే "మా బావ సరదా మనిషిలెండి" అని నేనూ నవ్వాను. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పుడు అన్నం దిగడం లేదు. అప్పుడే మిమ్మల్ని పక్కకి పిలిచి అడగాల్సింది. చూపు ఆననివాణ్ణి తీసుకెళ్ళి పడవ ముందు కూచోబెట్టాను. మీకేమైనా అయ్యుంటే అక్కకి ఏ మొహం పెట్టుకుని చెప్పేవాణ్ణి?

ఇట్లు, సిగ్గుతో,
మీ బావమరిది

తా.క.: ఇది మాత్రం అక్కకి అస్సలు చూపించకండి, బెంగ పెట్టుకుంటుంది. కళ్ళ డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తాను. కొత్త రోలరు కొనడానికి వెళ్తున్నామని చెబుదాం.

*

ఒరేయ్,

పెద్దరికం పక్కన పెట్టి మీ బావ చెబుతుంటే, మీ అక్క రాస్తున్నది.

అవును, ఇది మీ అక్క దస్తూరీ. నువ్వు రాసినవన్నీ నాకు చదివి వినిపించింది కూడా మీ అక్కే. స్వెట్టరుతో సహా, గురకతో సహా. నీ ఆఖరి ఉత్తరం సగంలో ఆపి లోపలికెళ్ళి, మొహం కడుక్కుని వచ్చి మిగతాది చదివింది.

కళ్ళ డాక్టరు దగ్గరికి మేం రెండేళ్ళ కిందటే వెళ్ళాం. ఏది చూడాలనుకుంటే సరిగ్గా అదే కనబడదురా నాకు, దాని చుట్టూ కనబడుతుంది. ఇక బాగవదని చెప్పేశాడు. టైపు కొట్టింది నువ్వు పరాయివాడివని కాదు. పెన్ను పడితే వరస తెలియదు, టైపు మిషన్ మీద వేళ్ళకి దారి తెలుసు. కొత్త మనిషీ లేడు, గొప్పకి రాశాను. డాక్టరుగారి డిగ్రీలు ఎగరగొట్టింది నేనే, నలిగిన వేలూ నాదే.

ఇక ఆ ఊఁ సంగతి. కనబడని కాగితాలకి ఏడాదిన్నరగా ఊఁ అంటూ వచ్చాను. తప్పు పడితే పోయేది కాగితమేగా, మళ్ళీ వేసుకోవచ్చని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ రోజు ముందంతా తెల్లగా ఉంది. నీళ్ళేవో రాళ్ళేవో తెలియలేదు. నువ్వు తెడ్డెత్తి నా వంక చూస్తున్నావని మాత్రం తెలుసు. నీకు ఈత రాదనీ తెలుసు. ఊఁ అనబోయాను. నోరు రాలేదు. నీ ప్రాణం మీద అబద్ధం ఆడలేకపోయానురా. ఒడ్డున అరిచింది నా మీద నాకొచ్చిన కోపం, నువ్వు ఎదురుగా ఉన్నావు గనక నీకు తగిలింది. నలుగురిలో అన్నాను, నలుగురిలోనే క్షమించమని అడగాలి. ఆ నలుగురూ ఎక్కడివాళ్ళో కూడా అడిగి పెట్టుకోలేదు.

పదేళ్ళ నుంచి వెళ్దాం బావా అంటూనే ఉన్నావు. చూపున్నన్నాళ్ళూ ప్రెస్సు నాలుగు రోజులు మూయడానికి మనసొప్పలేదు నాకు. చూపు పోతుంటే తొందరపడ్డాను. ముందే చెబితే నువ్వు ప్రయాణం మానిపిస్తావని దాచాను. దానికే ఎక్కువ బాధపడుతున్నాను.

పెద్ద బజారుకి వెళ్తానంటే తప్పుపట్టను, నాకా హక్కు లేదు. వస్తానంటే ప్రూఫుల బల్ల నీది, ఊఁ కూడా నువ్వే అనుకో. నేను కాగితాలు లెక్కపెడతాను, వేళ్ళకి ఇంకా తెలుస్తోంది. తాళంచెవి ఈ కవర్లోనే పెట్టమన్నాను.

ఇట్లు,
నీ బావ

తా.క.: మూడో రోజు పొద్దున గుడారం బయట టీ తాగుతుంటే, నా భుజాలు పట్టుకుని తిప్పి "బావా, అటు చూడండి" అన్నావు. నేను "బ్రహ్మాండంగా ఉందిరా" అన్నాను. నువ్వొచ్చినా రాకపోయినా ఆ ఒక్కటీ మీ అక్క చదవగలిగేట్టు రాసి పంపు. ఏముందిరా అక్కడ?